క్యాంపస్ ఉద్యోగం, చంటిబిడ్డ: గోదావరి జిల్లాల్లో పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలి?

యూనివర్సిటీలో పనిచేసేవాళ్లకేం, పదింటికి వెళ్లి ఐదింటికి వచ్చేస్తారు, సెలవులు బోలెడు అనుకుంటారు బయటివాళ్లు. మామూలు రోజుల్లో ఆ మాట నిజమే. ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆలస్యంగా వచ్చినా, స్పాట్ వాల్యుయేషన్ మొదలైనా, కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే నాక్ బృందం వస్తోందని ఫైళ్లు సర్దాల్సి వచ్చినా ఇంటికి చేరేసరికి ఏడున్నర. రీసెర్చ్ స్కాలర్ అయితే గైడ్ గారు మీటింగుల నుంచి బయటపడేదాకా కూర్చోవాలి. ఇంట్లో ఏడాది బిడ్డ ఉంటే ఆ రెండు గంటల ఆలస్యమే అసలు టెన్షన్.

అందుకే "మా ఊళ్లో మంచి ప్లేస్కూల్ ఏది?" అని అడిగేవాళ్లను నేను ఎదురు ప్రశ్న అడుగుతాను: సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది? పొద్దున పదింటికి ఎవరైనా చూస్తారు. ఏర్పాట్లన్నీ తేలిపోయేది సాయంత్రమే. ముందు మీ వారం మొత్తాన్ని ఒక కాగితం మీద రాసుకోండి. భార్యాభర్తల ఇద్దరి టైంటేబుళ్లు, ల్యాబ్ రోజులు, ఇన్విజిలేషన్ వచ్చే నెలలు అన్నీ అందులో ఉండాలి. ఇద్దరిలో ఎవరూ ఐదున్నరకి ఇల్లు చేరలేని రోజుల చుట్టూ సున్నా చుట్టండి. మీరు వెతకాల్సింది ఆ సున్నాల్లో పనికొచ్చే ఏర్పాటు.

ఏ ఒడ్డున ఉంచాలి

మన దగ్గర దూరాన్ని కిలోమీటర్లలో లెక్కేస్తే సరిపోదు, మధ్యలో గోదావరి ఉంటుంది. కొవ్వూరులో ఇల్లు, రాజానగరం దగ్గర ఆదికవి నన్నయ యూనివర్సిటీలో ఉద్యోగం అనుకోండి. వంతెన మీద లారీ ఒకటి ఆగిపోయిందా, ఆ సాయంత్రం పోయినట్టే. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (నది దాటించే పెద్ద పడవ) మీద తిరిగేవాళ్లకైతే రేవు దగ్గర గాలి, వాన, నీటి మట్టం మూడూ కలిసిరావాలి. కాకినాడ జేఎన్‌టీయూ ఊరి మధ్యలో ఉంది కాబట్టి అక్కడివాళ్లకు ఈ బాధ తక్కువ. తాడేపల్లిగూడెం నిట్, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్లు ఊళ్లోంచి క్యాంపస్‌కి రానూపోనూ పట్టే సమయం చూసుకోవాలి.

నేను పాటించమనేది ఇంతే. బిడ్డ ఉన్న ఒడ్డునే అమ్మో నాన్నో ఒకరు పగలంతా ఉండాలి. పాలు తాగే బిడ్డయితే అమ్మ పనిచేసే చోటికి దగ్గరగా ఉంచాలి. ఏడాదిన్నర దాటాక ఇంటికి దగ్గరగా ఉన్నా పర్వాలేదు. అప్పుడు సాయంత్రం పక్కింటివాళ్లో ఇంటి ఓనరుగారో వెళ్లి తీసుకురాగలుగుతారు.

పాల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. పిండి ఉంచిన తల్లిపాలు గది వేడిలో నాలుగు గంటలకు మించి ఉంచకూడదు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఉంచవచ్చు. మే నెలలో, కరెంటు పోయిన గదిలో ఆ నాలుగు గంటల్ని కూడా నమ్మకండి. ఆర్నెల్లకే డ్యూటీలో చేరే తల్లి, బిడ్డను చూసుకునేవాళ్ల ఇంట్లో ఫ్రిజ్, ఇన్వర్టర్ ఉన్నాయో లేదో చూశాకే మిగతా మాటలు మాట్లాడాలి.

అమ్మమ్మ, మామ్మ

అందరికీ మొదట గుర్తొచ్చేది వీళ్లే. డబ్బు ఖర్చు లేదు, బిడ్డ మీద ప్రేమ గురించి అనుమానమే లేదు, జ్వరం వస్తే ముందు కనిపెట్టేది కూడా వీళ్లే. అయినా వీళ్లను ఉచిత ఏర్పాటుగా లెక్కేసుకోవడం తప్పు. ఆవిడకు మోకాళ్ల నొప్పులుంటాయి, షుగరుంటుంది, ఊళ్లో గేదె ఉంటుంది, మాట్లాడుకోడానికి నలుగురుంటారు. కాకినాడలో మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి తెచ్చి పెడితే ఆవిడకు బిడ్డతో పాటు ఒంటరితనం కూడా అంటుకుంటుంది. పరుగెత్తే వయసొచ్చిన పిల్లాడి వెనక అరవై అయిదేళ్లావిడ పరుగెత్తలేదు. ఆ మాట ఆవిడంతట ఆవిడ చెప్పదు.

ఊరికి పంటల లెక్క ఒకటుంది. సార్వా కోతలు, దాళ్వా ఊడ్పులు, మళ్లీ దాళ్వా కోతలు. ఆ రోజుల్లో ఊళ్లో మనుషులకు అన్నం వండేది, కళ్లం మీద ధాన్యం కాటా వేస్తుంటే పక్కన నిలబడేది ఆవిడే. ఇంకా చిత్రం ఏమిటంటే కాలేజీ సెమిస్టర్ పరీక్షలు చాలాసార్లు ఆ కోతల రోజుల్లోనే పడతాయి. కాబట్టి పండగకు వెళ్లినప్పుడే మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి.

"అత్తయ్యగారూ, నవంబరులో నాకు డ్యూటీలు పడతాయండి. అప్పుడు మీరు ఊరెళ్లాలంటే ముందే చెప్పండి, ఆ నెలకి వేరే మనిషిని చూసుకుంటాం."

"నేనెక్కడికెళ్తానమ్మా, మీ మావయ్యగారే చూసుకుంటార్లే."

ఈ జవాబును సగమే నమ్మండి. మావయ్యగారిని విడిగా అడగండి.

బిడ్డను ఊరికే పంపేసి శనాదివారాలు వెళ్లి చూసి వచ్చే పద్ధతి కోనసీమలో కొత్తేమీ కాదు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. తప్పనిసరైన వాళ్లను తప్పుపట్టను. అరగంట దూరంలో ఉద్యోగం ఉన్నవాళ్లకు మాత్రం వద్దంటాను. పైగా డెల్టా పల్లెలో ఇంటి వెనకే పంట బోదె, పక్కనే చెరువు. భీమవరం చుట్టుపక్కల అయితే ఎటు చూసినా చేపల చెరువులే. నడక వచ్చిన బిడ్డకు కంచె లేని నీళ్లకన్నా పెద్ద ప్రమాదం ఈ ప్రాంతంలో లేదు.

నాకు బాగా నచ్చిన ఏర్పాటు, పెద్దావిడ ఇంట్లో ఉండడం, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఒక పడుచుపిల్లో నడివయసు మనిషో వచ్చి సాయం చేయడం. పెద్దావిడ కళ్లతో చూసుకుంటుంది, ఎత్తుకోవడం, తిప్పడం సాయానికి వచ్చినామె చూసుకుంటుంది. పూర్తి రోజు ఆయాకయ్యే ఖర్చులో కొంతే అవుతుంది, పెద్దావిడ నడుం నిలుస్తుంది.

ఇంటికి వచ్చే ఆయా

పదేళ్ల కిందట దొరికినంత తేలిగ్గా ఇప్పుడు మనిషి దొరకడం లేదు. పిల్లల్ని పెంచడంలో చెయ్యి తిరిగినవాళ్లలో చాలామంది గల్ఫ్ వెళ్లారు. మిగిలినవాళ్లను రొయ్యల షెడ్లు పిలుస్తున్నాయి. ఊడ్పుల రోజుల్లో పొలం కూలి మీరిచ్చే జీతం కంటే ఎక్కువ గిట్టుతుంది. "ఎల్లుండి నుంచి నాలుగు రోజులు రానండి, మా చెల్లి కూతురి పెళ్లండి" అని ముందు చెప్పేవాళ్లు ఉత్తములు. చెప్పకుండా ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల నుంచి వచ్చే మనిషైతే జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం వరద వార్త మీద ఒక చెవి వేసి ఉంచండి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చాక కాజ్‌వే ఎప్పుడు మునుగుతుందో ఆమెకు మీకన్నా బాగా తెలుసు. ఆ రాత్రే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది, పొద్దున ఎనిమిదింటికి గేటు వైపు చూస్తూ కూర్చోవడం కాదు.

ఆయాతో బిడ్డ ఒంటరిగా పదిగంటలు ఉండే ఏర్పాటు నాకు నచ్చదు. మనిషి మీద అనుమానంతో అంటున్న మాట కాదిది. మాటలు రాని బిడ్డతో రోజంతా తలుపులు వేసుకుని ఉండడం ఎవరి సహనానికైనా పరీక్షే. అందుకని మధ్యలో ఎవరో ఒకరు తొంగిచూసే వీలుండాలి. పక్కింటి పిన్నిగారు కావచ్చు, లంచ్‌కి ఇంటికొచ్చే భర్త కావచ్చు. సీసీ కెమెరా పెడితే ఆమెకు చెప్పి పెట్టండి. దొంగచాటుగా పెడితే తెలిసిన రోజున మానేస్తుంది, మానేసినందుకు ఆమెను తప్పు పట్టలేం. ఆధార్ కాపీ, ఇంటి చిరునామా, వాళ్ల ఊళ్లో ఒకరి ఫోన్ నంబరు తీసుకోవడం మామూలు జాగ్రత్త. వంట, గిన్నెలు, బట్టలు అన్నీ ఆమెకే అంటగట్టకండి. స్టవ్ మీద చారు మరుగుతున్నప్పుడు పిల్లాడు ఎక్కడున్నాడో చూసేవాళ్లుండరు.

ఇంట్లో నలుగురు పిల్లల్ని చూసుకునే ఆవిడ

బోర్డు ఉండదు, ప్రకటన ఉండదు. స్టాఫ్ క్వార్టర్స్ దగ్గరో బస్టాండు వెనక వీధిలోనో తన పిల్లలు బడికెళ్లే వయసుకొచ్చిన ఒక గృహిణి, మరో ముగ్గురు నలుగురిని చూసుకుంటుంది. రెండేళ్లలోపు బిడ్డకు నా మొదటి ఓటు ఇలాంటి ఇంటికే. బిడ్డకు మరో ఇల్లు దొరుకుతుంది, తోడుకు ఇద్దరు పిల్లలుంటారు. "ఇవాళ ఏడవుతుందండి" అని ఫోన్ చేస్తే "పర్లేదులెండి, పప్పన్నం పెట్టేస్తాను" అంటుంది. ఏ సంస్థలోనూ ఆ జవాబు రాదు.

ఇబ్బంది ఏమిటంటే, ఆ ఇంటిని తనిఖీ చేసేవాళ్లు ఎవరూ లేరు. ఆ తనిఖీ మీరే చేయాలి. పొద్దున పదకొండుకు వెళ్లకండి, అప్పుడు ఏ ఇల్లైనా సర్దిపెట్టే ఉంటుంది. మూడున్నరకి, పిల్లలు నిద్రలేచే వేళకి వెళ్లండి. చాపలు ఎక్కడ వేశారు, ఫ్యాన్ కింద ఉన్నారా, దోమతెర ఉందా, టీవీ మోగుతోందా? పెరట్లోకి నడవండి. బాత్రూంలో నీళ్లు నిండిన బకెట్ ఉంటే, డ్రమ్ముకు మూత లేకపోతే అడగండి. తప్పటడుగుల వయసు బిడ్డ తల్లకిందులుగా పడితే బకెట్ నీళ్లే చాలు. నుయ్యి ఉంటే పైన ఇనుప జల్లెడ ఉందా, వెనక గుమ్మం కాలువ గట్టు మీదకి తెరుచుకుంటుందా, గేటు గొళ్లెం పిల్లాడి చేతికందేంత కింద ఉందా? తాగడానికి ఏ నీళ్లు ఇస్తున్నారు? ఆక్వా చెరువుల ప్రాంతాల్లో బోరు నీళ్లు తాగేలా ఉండవు, క్యాన్ నీళ్లు కొంటారు. ఆ క్యాన్‌కి మూత ఎన్నాళ్లకోసారి తెరుస్తారో, గ్లాసు ముంచుతారో కుళాయి తిప్పుతారో చూడండి. ఆరుగురికి మించి పిల్లలుండి ఆవిడ ఒక్కతే ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మరో మాట. ఆవిడ ఇంట్లో పగటిపూట ఇంకెవరెవరు ఉంటారో అడగడానికి సిగ్గుపడకండి. మామగారు, కాలేజీకెళ్లే మరిది, అద్దెకున్నవాళ్లు, ఎవరైనా సరే.

ప్లేస్కూల్ ప్లస్ డే కేర్

రెండున్నరేళ్లు దాటి, మాటలొచ్చి, "కడుపు నొప్పి", "ఆ అబ్బాయి కొట్టాడు" అని చెప్పగలిగిన బిడ్డకు ఇది బాగానే ఉంటుంది. గోడల మీద రంగులు, స్లైడు, యూనిఫాం చూసి తీసుకునే నిర్ణయం మాత్రం కాదు. ప్లేస్కూల్ ఒంటిగంటకు అయిపోతుంది. టీచర్లు వెళ్లిపోయాక డే కేర్ పిల్లలు మిగులుతారు. అప్పుడు ఉండేది ఎవరు? చాలాచోట్ల పొద్దున గదులు ఊడ్చిన ఆయానే. ఆమె మంచిదే కావచ్చు, ఒక్కతే ఎంతమందిని చూస్తోందన్నదే ప్రశ్న. క్రెష్‌ల (ఉద్యోగుల పిల్లల్ని పగలు చూసుకునే కేంద్రాల) కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి, ఆపై వయసువాళ్లు ఇరవైమందికి ఒక శిక్షణ పొందిన మనిషి, తోడు ఒక సహాయకురాలు అని ఉంది. ఆ లెక్క మనసులో పెట్టుకుని మధ్యాహ్నం రెండింటికి వెళ్లి తలలు లెక్కపెట్టండి.

సెలవుల జాబితా ఫీజు కాగితం కన్నా ముందు అడగాలి. సంక్రాంతికి ఎన్నాళ్లు మూస్తారు, మేలో ఉంటుందా? తుపాను హెచ్చరిక వచ్చి కలెక్టర్ గారు విద్యాసంస్థలకు సెలవు ప్రకటిస్తే ప్లేస్కూల్ మూతపడుతుంది, రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసే నాన్‌టీచింగ్ ఉద్యోగి మాత్రం వెళ్లక తప్పని రోజులుంటాయి. ఆలస్యమైతే గంటకు ఇంత అని వసూలు చేసే చోటును నేను చెడ్డదనను. డబ్బు తీసుకునైనా బిడ్డను ఉంచుతామంటున్నారు కదా. ఆరు కాగానే గేటు దగ్గర బ్యాగు పట్టించి నిలబెట్టే చోటికన్నా అదే నయం.

అంగన్‌వాడీ

ప్రొఫెసర్ల ఇళ్లలో ఈ పేరు ఎత్తరు. అది తొందరపాటు. 1975లో మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) కింద నడిచే ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు, వేడి భోజనం, గుడ్డు, పాలు ఉంటాయి. బరువు తూచి రాస్తారు, టీకాలు గుర్తుచేస్తారు. క్యాంపస్‌లో అవుట్‌సోర్సింగ్ మీద ఊడ్చేవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, మెస్ మనుషులు ఆధారపడేది దీనిమీదే. మూడేళ్లలోపు బిడ్డకు పోషకాహారం ఇంటికిస్తారు కానీ రోజంతా ఉంచుకునే ఏర్పాటు మామూలు కేంద్రంలో ఉండదు. సాయంత్రం వరకూ ఉండదు కూడా. అంగన్‌వాడీకే క్రెష్ కలిపి నడిపే 'పాల్నా' పథకం ఉంది, మీ దగ్గర ఆ కేంద్రం ఉందేమో సూపర్‌వైజర్‌ను అడగండి. అంగన్‌వాడీ, ఆ తర్వాత రెండు గంటలు తెలిసినవాళ్ల ఇల్లు అని కలుపుకుంటే తక్కువ ఖర్చులో మంచి రోజు అవుతుంది. టీచర్ ఎలాంటిదన్నదే ఇక్కడ అంతా. వీధిలో నలుగురిని అడిగితే తెలిసిపోతుంది.

సెలవులూ ఒక ఏర్పాటే

చాలామంది సెలవుల్ని ఈ పోలికలో కలపరు, కలపాలి. కేంద్ర ప్రభుత్వ నిబంధనల కింద పనిచేసే మహిళా ఉద్యోగులకు, ఒంటరి తండ్రులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాత 80 శాతం. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు దీన్ని 2022లో 60 రోజుల నుంచి 180 రోజులకు పెంచారు. మీ యూనివర్సిటీలో ఎలా అమలవుతోందో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో కాగితం చూపించమని అడగండి, నోటిమాట మీద ఆగకండి. దాన్నంతా మొదటి ఏడాదే వాడేయవద్దని నా సలహా. కొత్త చోట బిడ్డను అలవాటు చేసే రోజులకు, పరీక్షల నెలలో మామ్మ ఊరెళ్లినప్పటికి కొంత దాచుకోండి.

పీహెచ్‌డీ చేస్తున్న తల్లులకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల్లో మొత్తం 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. థీసిస్ గడువులో రెండేళ్ల సడలింపు కూడా ఉంది. గైడ్‌కు తెలియకపోవచ్చు, మీకు తెలిసి ఉండాలి. డిగ్రీ, పీజీ చదివే తల్లులకు కూడా సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నిబంధనలు పెట్టుకోమని యూజీసీ 2021లో యూనివర్సిటీలను కోరింది. దరఖాస్తులో ఆ మాట రాయండి.

ఎవరికి ఏది

జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తున్న స్కాలర్‌కు నెలకు 37,000, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. ఆ డబ్బుతో పూర్తి రోజు ఆయా భారమే. క్యాంపస్ దగ్గరి గృహిణి ఇల్లు, అదీ సగం రోజుకి మాట్లాడుకుని, థీసిస్ రాత పని రాత్రికి పెట్టుకోవడం మేలు. ఫెలోషిప్ లేనివాళ్లు మొహమాటపడకుండా అమ్మమ్మను బతిమాలుకోవాలి, లేదా మరో స్కాలర్‌తో వంతులు వేసుకోవాలి. సోమ, బుధ నీ ల్యాబ్, మంగళ, గురు నా ల్యాబ్ అని ఇద్దరు తల్లులు కలిస్తే ఖర్చు లేకుండా నడుస్తుంది. పిల్లలిద్దరికీ ఒకేసారి జలుబు చేయడం మాత్రం తప్పదు.

గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసు చెబితేనే డబ్బు. నెల జీతం మీద ఆయాను పెట్టుకుని ఏప్రిల్, మే నెలల్లో ఏం ఇస్తారు? గంటల లెక్కన ఉంచుకునే ఇల్లు చూసుకోండి. దంపతులిద్దరూ రెగ్యులర్ ఫ్యాకల్టీ అయితే ముందు డిపార్ట్‌మెంట్ టైంటేబుల్ వేసే మనిషిని కలవండి. ఒకరికి పొద్దుటి క్లాసులు, ఒకరికి మధ్యాహ్నం క్లాసులు పడితే మీ సమస్య సగం తీరినట్టే. ఇక్కడ మగవాళ్లకు ఒక మాట: ఇన్విజిలేషన్ మార్పించుకోమని అడగడం భార్య పని మాత్రమే కాదు, మీకూ నోరుంది. నాన్‌టీచింగ్‌లో షిఫ్టులవాళ్లకు, పెద్ద ఆసుపత్రులున్న కాకినాడ, అమలాపురం, ఏలూరు మెడికల్ కాలేజీల స్టాఫ్‌కు నైట్ డ్యూటీ ఉంటుంది. వాళ్లకు ఏ డే కేరూ పనికిరాదు. ఇంట్లో పడుకునే పెద్దమనిషి ఒకరు ఉండి తీరాలి.

ఇక క్యాంపస్‌లోనే క్రెష్. ఉంటే కళ్లు మూసుకుని మొదటి స్థానం దానికే ఇస్తాను. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణలో 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ క్రెష్ ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చని పెట్టారు; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే ఉంది. లేకపోతే అడగండి, ఒక్కరు కాకుండా. ఆరేళ్లలోపు పిల్లలున్న టీచింగ్, నాన్‌టీచింగ్, అవుట్‌సోర్సింగ్, స్కాలర్లు అందరి పేర్లు, పిల్లల వయసులు, కావలసిన వేళలు ఒక పట్టికగా రాసి రిజిస్ట్రార్‌కు ఇవ్వండి. "క్రెష్ కావాలి" అని మూడు వాక్యాల్లో రాస్తే ఆ కాగితం ఫైల్లో పడుకుంటుంది. కింది అంతస్తులో ఫలానా గది ఖాళీగా ఉంది, పక్కనే బాత్రూం, నీళ్లు ఉన్నాయి, ఇద్దరు ఆయాలు చాలు, నెలకు తల్లిదండ్రులు ఇంత వేసుకుంటారు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా నడపాలి అని రాస్తే కనీసం గది చూడ్డానికి ఎస్టేట్ ఆఫీసర్ వస్తారు. ఆరున్నర అన్న అంకె మాత్రం ఎవరెంత బేరమాడినా తగ్గించకండి.